మరుపు లేని పెట్టె

జయరావు సింగపూరు నుంచి చదరంగం ఆడే మిషను తెప్పించాడని తెలిసిన రోజే నా గుండెల్లో రాయి పడింది. చిత్తూరు కోర్టులో ఇంతమంది ప్లీడర్లున్నారే, ఒక్కరికీ లేని సరదా వీడికెందుకని తిట్టుకున్నాను. అక్కడున్న వాడి బావమరిది పంపాలనుకుంటే టేప్ రికార్డరు పంపొచ్చు, చీరలు పంపొచ్చు. ఏరి కోరి ఈ పెట్టెను పంపాడు.

నా భయమంతా మా నాయన గురించి. మునిరామయ్య అంటే కోర్టులో తెలియనివాళ్లు లేరు. నకళ్ల సెక్షన్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. మధ్యాహ్నం భోజనాల వేళ ప్లీడర్ల గదిలో బోర్డు పరిచి సగం మంది లాయర్లకు ఆట నేర్పింది ఆయనే. జయరావూ ఆ శిష్యుల్లో ఒకడు. మా వైపు అందరూ ఇళ్లలో నాటు ఆట ఆడి వస్తారు. నాటు ఆటలో, చెక్ పడని రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. ఇంటర్నేషనల్ రూల్సులో అది కుదరదు. ఎవరైనా అలవాటు కొద్దీ రాజును దూకించారా, నాయన చెయ్యి చాపమని స్కేలుతో వేళ్ల మీద ఒకటిచ్చేవాడు. "ఇది మీ అవ్వ ఇంట్లో ఆట కాదబ్బా, గుర్తుండేట్టు ఒకటి తీసుకో" అనేవాడు. జడ్జీగారి కొడుక్కీ ఆ దెబ్బ తప్పలేదు. నాకూ తప్పలేదు.

అట్లాంటి మనిషి ఆరు నెలలుగా మారిపోతున్నాడు. ఉగాదికి ముందు తిరుపతి వెళ్లాల్సినవాడు వేలూరు బస్సెక్కాడు. బస్సు ఎవరైనా తప్పెక్కుతారులే అనుకున్నాను. తరువాత ఒకరోజు నన్ను "వరదా" అని పిలిచాడు. వరదమ్మ మా మేనత్త, పోయి పన్నెండేళ్లయింది. ఇంకోరోజు అన్నం తిని, చెయ్యి కడుక్కుని, మళ్లీ వచ్చి పీట మీద కూర్చున్నాడు. నేనివేవీ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నేను స్కూల్లో పాఠాలు చెప్పి రాగానే రోజూ ఒక ఆట ఆడతాం, రోజూ నన్ను ఓడిస్తాడు. ఓడిన ప్రతిసారీ నా ప్రాణం కుదుటపడేది. బోర్డు ముందు కూర్చున్నంతసేపూ నాయన నాయనే. ఆ ఒక్క ధైర్యంతో రోజులు నెట్టుకొస్తున్నాను.

ఆ ధైర్యాన్ని పదిమంది ముందు పరీక్షకు పెట్టడానికి జయరావు మా ఇంటికొచ్చాడు.

"ఆదివారం ప్లీడర్ల గదిలో పెడతామక్కా. మన సారు దాంతో ఆడాల. అందరూ ఎదురుసూస్తాండారు."

"అదే గెలిస్తే?" అన్నాను.

జయరావు నవ్వాడు. "గ్రాండ్ మాస్టర్ల ముందర ఇది యాడ నిలుస్తాదక్కా? వాళ్ల రేటింగు రెండువేల అయిదొందలు. దీనిది పదహారొందలంట. అమెరికాలో గదంత కంప్యూటర్లు ఉండాయి, అవి గూడా వాళ్లను ఇంకా అందుకోలేదు. మన దేశంలో ఇంకా గ్రాండ్ మాస్టరే లేడు గదా, మనకు మన సారే గ్రాండ్ మాస్టరు." కాఫీ తాగి గ్లాసు కింద పెడుతూ మళ్లీ అన్నాడు. "అయితే ఒకటక్కా. ఎంత గొప్పోళ్లయినా మనుషులు అలిసిపోతారు, మర్సిపోతారు. దీనికి మరుపనేదే లేదు. ఎప్పటికైనా ఇదే వాళ్లను కొడతాది."

ఆ మాటకు నా ఒళ్లు చల్లబడింది. వాడు మామూలుగానే అన్నాడు, పాపం వాడికేం తెలుసు.

"దాంట్లో లెవెల్సు ఉంటాయంట గదా. మొదటి దాంట్లో పెట్టప్పా, నాయనకు తెలీకుండా" అని మెల్లగా అన్నాను.

లోపలి నుంచి నాయన గొంతు వినిపించింది. "ఎన్ని లెవెల్సు ఉండాయి?"

"ఎనిమిది సార్."

"ఎనిమిదిలో పెట్టు."

ఆదివారం ప్లీడర్ల గదిలో ముప్పై మంది దాకా చేరారు. బల్ల మీద ఆ మిషను పెట్టి ఉంది. పైన బోర్డు, గళ్ల పక్కన ఎర్రటి చిన్న లైట్లు. కాయను గడి మీద నొక్కితే దానికి ఎత్తు తెలుస్తుంది. తన ఎత్తు లైట్లు వెలిగించి చూపిస్తుంది. తప్పు ఎత్తు వేస్తే కీచుమని అరుస్తుందని జయరావు ముందే అందరికీ అరిపించి చూపించాడు. 

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నాయన కాయ ఎత్తిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టి, కింద పెట్టాక వదిలాను. మిషను ఒక్కో ఎత్తుకు నిమిషాల తరబడి ఆలోచించింది. నాయనకు అంతసేపు పట్టలేదు. కోట కట్టకుండా రాజును నడిమధ్యనే ఉంచి ఎదురుదాడికి దిగాడు. గంట గడిచేసరికి మిషను ఏనుగొకటి పోగొట్టుకుంది. పరంధామయ్యగారు, కోర్టులోకెల్లా పెద్ద ప్లీడరు, తొడ చరిచి "మా మునిరామయ్యనా మజాకా!" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆరు నెలలుగా దేనికి భయపడి చచ్చానా అని నా మీద నాకే సిగ్గేసింది.

అప్పుడు నాయన రాజును ఎత్తాడు. రెండు గళ్లు ముందుకు, ఒక గడి పక్కకు పెట్టి నొక్కాడు.

మిషను కీచుమంది.

నాయన మళ్లీ నొక్కాడు. మళ్లీ అరిచింది. మూడోసారి కూడా నొక్కి, తలెత్తి, "దీనికి ఆట రాదప్పా" అన్నాడు.

గది గదంతా నవ్వుతో దద్దరిల్లింది. "సారు మిషన్ను ఏడిపిస్తాండాడు! నాటు ఆట నేర్పిస్తాండాడు!" అని ఎవరో కేక పెట్టారు. స్కేలు దెబ్బలు తిన్నవాళ్లే అందరూ. ఆ రూలు నాయన మరిచిపోతాడని ఎవరనుకుంటారు? జయరావు కూడా పాత దెబ్బ గుర్తొచ్చిందేమో, వేళ్లు రుద్దుకుంటూ పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే నాయన ముఖం చూశాడు. నాయన నవ్వడంలేదు. రాజును ఆ గడిలోనే పట్టుకుని నొక్కుతున్నాడు, గోళ్లు తెల్లబడేదాకా. జయరావు నవ్వు ఆగిపోయింది. నా వైపు తిరిగాడు. నా ముఖాన్ని ఎక్కడ దాచుకోను?

వాడు చెయ్యి చాపి మిషను ఆపేశాడు.

"బ్యాటరీలు అయిపోయినాయి. ఏనుగు పోయినాక ఇంకేముంది, గెలుపు సారుదే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మిషను వెనక నుంచి వైరు గోడలోని ప్లగ్గు దాకా సాగి ఉంది. ఆ హడావిడిలో నేను తప్ప ఎవరూ చూడలేదనుకున్నాను.

ఇంటికి నడిచే వెళ్లాం.  మామిడి మండీ దగ్గరకు వచ్చాక నేనే, "ఎనిమిదో లెవెల్లో గెలిచినావు నాయనా" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

నాయన ఆగాడు. "బ్యాటరీలు యాడివి? వైరు గోడలో ఉండాది గదా."

నేను తల తిప్పుకుని మండీ వైపు చూశాను.

"జయరావు అబద్ధం చెప్పే పిల్లోడు కాదు. నేనేందో తప్పు చేసినాను. ఆ పెట్టె మూడుసార్లు చెప్పింది, నాకేమో ఏం తప్పో తెలీలే. అందరూ నవ్వుతా ఉంటే నాకు శానా బయమేసింది. నువ్వు సూస్తా ఉన్నావు గదా. చెప్పుమ్మా."

బోర్డు విషయంలో మా ఇంట్లో అబద్ధం లేదు. "రాజు గుర్రం మాదిరి దూకకూడదు నాయనా" అన్నాను.

ఆ మాట మొదటిసారి వింటున్నట్టు చూశాడు. "అట్లనా? ఎవరు చెప్పినారు?"

"నువ్వే. నాకు నేర్పింది నువ్వే."

లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది. అది పోయేదాకా నాయన రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు. తరువాత మెల్లగా కుడిచెయ్యి నా ముందుకు చాపాడు, అరచెయ్యి కిందికి, వేళ్లు బిగించి.

"అయితే గుర్తుండేట్టు ఒకటియ్యమ్మా" అన్నాడు.

ఆ వేళ్లను రెండు చేతులతో పట్టుకున్నాను.