పుల్ల సేపుకాయ

శుక్రవారం కంపెనీకి సెలవు. ఆ రోజు భూమేష్ పొద్దున్నే గల్ఫ్ కార్మికుల క్యాంప్ నుంచి బస్సెక్కి అల్ వుకైర్‌లోని ఫరీదుద్దీన్ ఇంటికి తోటపనికి వెళ్లేవాడు. బయట పని చేస్తున్నట్టు కంపెనీకి తెలిస్తే ఊరుకోరు. అయినా వెళ్లేవాడు. ఆ ఇంటి వెనక, ప్రహరీ గోడ నీడలో, అతను పెంచుతున్న యాపిల్ చెట్టు ఒకటుంది.

ఆ చెట్టు ఫరీదుద్దీన్ తల్లి అక్తరున్నీసా కోరిక. బోధన్ నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన కొత్తలో ఆమె మామిడికాయ దొరక్క, ఆకుపచ్చగా పుల్లగా ఉండే యాపిల్‌ను పప్పులో వేసి చూసింది. ఆ రుచి నచ్చింది. "ఈ పుల్ల సేపుకాయ మన ఇంట్లనే కాయాలె" అని పట్టుబట్టింది. ఈ ఎండల్లో యాపిలా అని కొడుకు నవ్వాడు. భూమేష్ నవ్వలేదు. నర్సరీ మనిషిని అడిగి, చలి తక్కువున్నా కాసే మొక్క తెచ్చి నాటాడు. డిసెంబరులో ఆకులన్నీ చేత్తో దూసి, నీళ్లు తగ్గించి చెట్టును చలికాలపు నిద్ర పుచ్చేవాడు. మూడో ఏడు పూత నిలిచింది. ఏడు కాయలు మిగిలాయి.

ఏప్రిల్ చివర్లో పిండినల్లి పట్టింది. కొమ్మల సందుల్లో తెల్లగా, దూది అంటించినట్టు. కోడలు జైబా ముందే చెప్పింది.

"సబ్బునీళ్లు కొట్టన్నా, వేపనూనె కొట్టు. మందు మాత్రం వద్దు. మరీహా రోజంతా ఆ చెట్టు కిందనే ఆడుకుంటది."

జైబా కూతురు మరీహాకు నాలుగేళ్లు. భూమేష్ సరేనన్నాడు. మూడు వారాలు సబ్బునీళ్లు కొట్టాడు. పురుగు తగ్గలేదు. రెండు కాయలు రాలిపోయాయి. రాలిన కాయల్ని అక్తరున్నీసా కొంగులో పెట్టుకుని కూర్చుంది. ఈ మధ్య ఆమెకు మతిమరుపు ఎక్కువైంది. పొద్దున జరిగింది మధ్యాహ్నానికి గుర్తుండదు. కాని కాయలెన్ని ఉన్నాయో మాత్రం మరిచిపోయేది కాదు.

"గీ అయిదన్నా దక్కుతయా బిడ్డా?" అని అడిగింది.

ఆ మాట భూమేష్‌ను వదల్లేదు. క్యాంప్‌లో అతని గదిలోనే ఉండే గజేందర్ ఒక తోటలో పనిచేస్తాడు. అతన్ని అడిగితే నీళ్ల సీసాలో తెల్లటి మందు పోసి తెచ్చిచ్చాడు. "చుక్కలతోటే పని అయితది. పదిహేను రోజులు కాయ ముట్టొద్దు" అన్నాడు. మూత తీయగానే వచ్చిన వాసన భూమేష్‌కు తెలుసు. ఊళ్లో పత్తిచేను వాసన అది.

ఆ శుక్రవారం ఏడింటికి, ఇంట్లో అందరూ లేవకముందే, అతను చెట్టంతా తడిసేలా మందు కొట్టాడు. మిగిలిన సీసాను ఏసీ డబ్బా వెనక దాచాడు. అప్పుడే అక్తరున్నీసా బయటికి వచ్చింది.

"అమ్మా, పదిహేను రోజులు కాయ ముట్టొద్దు. మందు కొట్టిన."

"ముట్ట బిడ్డా" అందామె.

జైబాకు మాత్రం అతను చెప్పలేదు. వద్దన్న పనే చేశానని చెప్పడానికి నోరు రాలేదు. కింద మట్టిని నీళ్లతో కడిగి, ముందువైపు గడ్డి కోయడానికి వెళ్లిపోయాడు.

పదకొండు దాటాక ఫరీదుద్దీన్ జుమ్మా నమాజుకు బయలుదేరాడు. ఎప్పటిలాగే అక్తరున్నీసా భూమేష్‌కు పళ్లెంలో అన్నం, పప్పు తెచ్చి వరండాలో పెట్టింది. ఆకలి మీద ఉన్నాడు. గబగబా నాలుగు ముద్దలు తిన్నాడు. పప్పు బాగా పుల్లగా ఉంది. చింతపండు పులుపు కాదది.

"ఇయ్యాల పప్పు మస్తుందమ్మా. ఏమేసినవ్?"

ఆమె ముఖం వెలిగిపోయింది. "మన సేపుకాయ! పొద్దుగాల ఒకటి తెంపిన. పెద్దది."

నోట్లో ముద్దను పళ్లెంలోకి ఉమ్మేశాడు. ఆమె వైపు చూశాడు. ఆమె నవ్వుతోంది. మందు మాట ఆమెకు గుర్తు లేదు.

పళ్లెం పక్కకు తోసి వరండా గోడ పక్కకు పరిగెత్తాడు. వేళ్లు గొంతులోకి పెట్టి కక్కాడు. ఏమీ మిగలలేదనిపించేదాకా కక్కాడు. చెమట ధారగా కారుతోంది. ఎండకా, మందుకా? అతని అన్న రాజనర్సు పత్తిచేనులో గాలికెదురుగా మందు కొట్టి పడిపోయినప్పుడు కూడా ముందు ఇలాగే చెమటలు పోశాయి. తర్వాత నోట్లోంచి నురగ. ఆస్పత్రిలో డాక్టర్ మొదట అడిగింది ఒకటే, ఏ మందు కొట్టాడని. డబ్బా ఎవరూ తీసుకెళ్లలేదు. తెలుసుకుని వచ్చేసరికి రాజనర్సు లేడు.

గేటు ఎదురుగా తెరిచే ఉంది. రోడ్డు దాటితే బస్టాపు. వెళ్లిపోవచ్చు. తను ఇక్కడికి వస్తున్నట్టు కంపెనీలో ఎవరికీ తెలియదు. సీసాను ఎక్కడో చెత్తలో పారేస్తే ఎవరు చూస్తారు? ఈ ఆలోచన రెండు క్షణాలే ఉంది. కాని వచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు అతనికి ఆ రెండు క్షణాలే గుర్తొచ్చేవి.

లోపల్నుంచి మరీహా దగ్గు వినిపించింది.

అతను చెప్పులతోనే వంటింట్లోకి వెళ్లాడు. జైబా పొయ్యి దగ్గర ఉంది.

"చెల్లె, పప్పు ఎవరెవరు తిన్నరు?"

"ఏమైందన్నా? గట్లున్నవేంది?"

"ఎవరు తిన్నరో చెప్పు ముందు!"

"నేనింక తినలే. అమ్మీ కొంచెం తిన్నది. ఎందుకు?"

"చెట్టుకు మందు కొట్టిన. పురుగుల మందు. పొద్దుగాలనే. అమ్మ గదే కాయ పప్పుల వేసింది."

జైబా చేతిలోని గరిటె కింద పడింది. వరండా నుంచి వచ్చిన అత్తగారి భుజాలు పట్టుకుంది.

"అమ్మీ, కాయ కడిగిన్రా? చెక్కు తీసిన్రా?"

"కడగకుండ వేస్తనా?" అంది అక్తరున్నీసా చిన్నబుచ్చుకుని. "చెక్కు గూడ తీసిన."

"చెక్కు ఏడేసిన్రు?"

ఆమె ఆలోచించింది. గుర్తు రాలేదు. భూమేష్ చెత్తడబ్బా నేల మీద బోర్లించాడు. ఉల్లిపొట్టు, గుడ్డు పెంకులు, టీ పొడి. ఆకుపచ్చ చెక్కు ఒక్కటి కూడా లేదు. చేతులతో కెలికాడు. మళ్లీ కెలికాడు. మందంతా ఉండేది చెక్కు మీదే. అది ఎక్కడ?

"మరీహా!" అని జైబా కేక పెట్టింది.

పాప హాల్లో సోఫా పక్కన నేల మీద కూర్చుని ఉంది. ముందు చిన్న గిన్నె. గిన్నెలో ఉప్పూ కారం అంటిన చెక్కు ముక్క ఒకే ఒక్కటి మిగిలింది.

"దాదీ ఇచ్చింది" అంది పాప. మాటతో పాటు చొంగ కారి గౌను మీద పడింది.

భూమేష్ పాప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. కంటిపాపలు ఆవగింజంత అయిపోయి ఉన్నాయి. రాజనర్సు కళ్లూ అలాగే అయ్యాయి.

"అంబులెన్స్ పిలువు చెల్లె. జల్దీ పిలువు."

జైబా 999 కొట్టింది. ఇంటి నంబరు రెండుసార్లు చెప్పింది. భర్తకు చేసింది. మసీదులో ఫోన్ సైలెంట్‌లో ఉంది. మళ్లీ చేసింది. ఎత్తలేదు. పాప వాంతి చేసుకుంది. భూమేష్ సబ్బుతో పాప చేతులు, మూతి కడిగాడు. చొంగ పడ్డ గౌను తీసేయమన్నాడు. తన కడుపులో నొప్పి నిజమో భయమో తెలియడం లేదు.

అక్తరున్నీసా గోడకు ఆనుకుని నిలబడి అందరినీ చూస్తోంది. "నేనేం చేసిన? నేనేం చేసిన బిడ్డా?" అని అడుగుతోంది. ఆమె ఆ ప్రశ్నే మళ్లీ అడిగింది.

అంబులెన్స్ సైరన్ వినిపించినప్పుడు భూమేష్ వెనక్కి వెళ్లి ఏసీ డబ్బా వెనక చెయ్యి పెట్టాడు. సీసా తగిలింది. దాన్ని బయటికి తీస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. ఈ మందు ఎక్కడిదంటారు. ఇక్కడ నీకేం పనంటారు. పోలీసులు, ఆ పైన ఇంటికి పంపే విమానం. ఊళ్లో భార్య సుమలతకు ఏమని చెప్పాలి? సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి గుండెకు ఆనించుకుని ముందువైపు వచ్చాడు.

"గీ మందే" అన్నాడు అంబులెన్స్ మనిషితో హిందీలో. "నేనే కొట్టిన. పాప తిన్నది. నేను గూడ తిన్న. అమ్మ గూడ."

ఆ మనిషి సంచి తెరిచి వాసన చూసి వెంటనే మూసేశాడు. ఫోన్‌లో ఆస్పత్రికి అది ఏ రకం మందో గబగబా చెప్పాడు. పాపకు ముక్కు మీద ఆక్సిజన్ పెట్టారు. నలుగురూ ఎక్కారు. దారంతా జైబా పాప పేరు పిలుస్తూనే ఉంది. పాప ఒక్కోసారి కళ్లు తెరిచేది. ఒక్కోసారి తెరిచేది కాదు. తెరవనప్పుడల్లా భూమేష్ పాప పొట్ట మీద చెయ్యి పెట్టి ఊపిరి చూసేవాడు.

ఆస్పత్రిలో పాపను తలుపుల వెనక్కి తీసుకెళ్లారు. అక్తరున్నీసాకూ భూమేష్‌కూ రక్తం తీసి, వేర్వేరు మంచాల మీద పడుకోబెట్టారు. భూమేష్ కళ్లు మూసుకోలేదు. ఆ తలుపులు తెరుచుకున్నప్పుడల్లా లేచి కూర్చున్నాడు. అరగంటకు ఫరీదుద్దీన్ వచ్చాడు. నమాజు టోపీ ఇంకా తల మీదే ఉంది. నేరుగా భూమేష్ మంచం దగ్గరికి వచ్చాడు.

"మందు వద్దని నీకు చెప్పలేదా?"

"చెప్పిన్రు భాయ్."

"మరి?"

"కాయలు రాలుతున్నయని అమ్మ బాధపడ్డది. గందుకే..." ఫరీదుద్దీన్ చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి గాల్లో కాసేపు ఉంది. తర్వాత దాన్ని మంచం కమ్మీ మీద పెట్టి తల వంచుకున్నాడు.

"నా బిడ్డకేమన్న అయితే నిన్ను వదల" అన్నాడు మెల్లగా. అరిచి ఉంటే భూమేష్ అంత భయపడేవాడు కాదు.

మూడు గంటల తర్వాత డాక్టర్ బయటికి వచ్చింది. మలయాళీ ఆవిడ. హిందీలో మాట్లాడింది. పాప ఊపిరి కుదుటపడింది, ఇంకా రెండు రోజులు ఇక్కడే ఉంచాలి అంది. ఏ మందో మొదటే తెలియడంతో విరుగుడు వెంటనే ఇవ్వగలిగామంది. జైబా కూర్చున్న చోటే ముఖం కప్పుకుంది. భూమేష్ ఆ మాట విన్నాడు, కాని నమ్మలేదు. రాజనర్సు విషయంలో కూడా మొదట ఫర్వాలేదనే చెప్పారు.

అతన్నీ, పెద్దావిడనూ మర్నాడు పంపేశారు. తక్కువ తిన్నారు కాబట్టి బతికిపోయారు. పోలీసులు రెండు పూటలు అతన్ని అడిగారు. ఏదీ దాచలేదు. గజేందర్ పేరు చెప్పేటప్పుడు మాత్రం చాలాసేపు నేలకేసి చూశాడు. ఇంటివాళ్లు కేసు పెట్టలేదని వదిలిపెట్టారు. కంపెనీ కాగితం మీద సంతకం చేయించుకుంది. ఇంకోసారి బయట పని చేస్తే ఇంటికే అని అందులో ఉంది. గజేందర్ గది మారిపోయాడు. మెట్ల మీద ఎదురైనా మాట్లాడడు. కొత్త నంబరు నుంచి ఫోన్ మోగితే చాలు, భూమేష్ గుండె ఆగినంత పనయ్యేది. పాప గురించి ఎవరో చెప్పబోతున్నారనుకునేవాడు.

పదకొండో రోజు డ్యూటీ నుంచి రాగానే జైబా ఫోన్ చేసింది. అతను హలో అనడానికే భయపడ్డాడు.

"అన్నా, మరీహా ఇంటికొచ్చి వారమైంది. మంచిగున్నది" అంది.

అతను మెట్ల దగ్గరే ఆగి ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు.

"చెట్టు తీసేయించిన్రు ఆయన. మట్టి గూడ మార్పించిన్రు. అమ్మీకి ఏం గుర్తు లేదు. చెట్టు ఎండకు ఎండిపోయిందని చెప్పినం. రోజూ నిన్ను అడుగుతది." గొంతు తగ్గించి, "నువ్వు మాత్రం రాకన్నా. నీ మీద నాకు కోపం పోలే. పోతదో లేదో తెల్వదు. కాని గా సీసా నువ్వు దాచలేదు. గందుకే ఫోన్ చేసిన" అంది.

"సరే చెల్లె."

"పాప ఇక్కడనే ఉన్నది. మాట్లాడుతవా?"

ఫోన్ చేతులు మారింది. అవతల చిన్న ఊపిరి. లోపలికి, బయటికి. అతను అదే వింటూ నిలబడ్డాడు.

"ఏం తిన్నవ్ బిడ్డా?" అన్నాడు చివరికి.

"కిచిడీ" అంది మరీహా. "పెరుగు గూడ."

భూమేష్ క్యాంప్ మెట్ల మీద కూర్చున్నాడు. పక్కనుంచి మనుషులు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. ఫోన్ అవతల పాప, తిన్నవాటి పేర్లు ఒక్కొక్కటే చెబుతూనే ఉంది.