మూడింటికి నాలుగు గంటలు

ఇరవయ్యో హెర్రింగ్ చేపను మొప్పల్లోంచి గుచ్చి, నిండిన ఇనుప చువ్వను థోరా ఇప్సెన్ బల్ల చివరికి జరిపింది. చేపకూ చేపకూ మధ్య వేలెడు సందు ఉండాలి. ఒకదానికొకటి తగిలితే అక్కడ పొగ పట్టదు, తెల్లమచ్చ పడుతుంది. పద్నాలుగో ఏట ఈ పొగకొట్టంలో, చేపలకు పొగ పట్టించే ఈ పాకలో, పనికి చేరింది. ఇప్పుడు అరవై ఏడు. ఆ సందు కొలవడానికి ఆమెకు కళ్లతో పనిలేదు.

సముద్రం మీది పొగమంచు తలుపులోంచి లోపలికి వస్తోంది. లోపలి కట్టెల పొగ బయటికి పోతోంది. గడప దగ్గర ఏది ఏదో తెలియడం లేదు.

"ఇవాళేనా థోరక్కా, ఆయనొచ్చేది?" పక్కన చేపలు కడుగుతున్న గుద్రున్ అడిగింది.

"మూడింటికి."

"ఏ మూడు? ఊరి మూడా, మీ ఇంటి మూడా?"

థోరా నవ్వింది. ఆమె ఇంట్లోని నిలువు గడియారం మూడింటికి నాలుగు కొడుతుందని ఆ చిన్న దీవిలోని స్వానెకె ఊరంతటికీ తెలుసు.

కొండవాలు మీది ఇంటి మెట్లు ఎక్కలేక, పొగకొట్టం పైనున్న చిన్న గదిలోకి మారుతోంది థోరా. ఆ గది పైకప్పు ఆమె తలకు జానెడే ఎత్తు. ఇక ఆమెకన్నా రెండు జానలు పొడుగున్న గడియారం ఎక్కడ నిలబడుతుంది? "అడుగున కోసేస్తే సరిపోతుంది" అన్నాడు పొగకొట్టం యజమాని. "మనిషి పొడుగని కాళ్లు కోస్తామా?" అని థోరా, గడియారం అమ్ముతానంటూ పేపర్లో ప్రకటన వేయించింది. గడియారం పోతున్నందుకు ఆమెకు దిగుల్లేదు. ఎవడో కొట్టువాడు కొని దాని గంటను సరిచేస్తాడు. అదే రాయిలా గుండెలో కూర్చుంది.

పన్నెండున్నరకు చేతులు కడుక్కుని ఇంటికి నడిచింది. రై రొట్టె మీద వెన్న రాసుకుని, గడియారానికి ఎదురుగా కూర్చుని తిన్నది. అది ఒంటిగంటకు రెండు కొట్టింది.

ముప్పై అయిదేళ్ల కిందటి నవంబరు. ఆమె భర్త హోల్గర్ పడవ తుఫానులో కనబడకుండా పోయింది. మూడోనాడు సాయంత్రం నాలుగూ పదికి అత్తగారు లేచి వెళ్లి లోలకాన్ని చేత్తో పట్టుకుని ఆపేసింది. ఇంట్లో మనిషి పోతే గడియారం ఆపడం ఆ దీవిలో ఆనవాయితీ. మర్నాడు మూడున్నరకు హోల్గర్ తలుపు తోసుకుని వచ్చాడు. స్వీడన్ పడవవాళ్లు నీళ్లలోంచి తీసి ఒడ్డున దింపారట. ఆగిన గడియారం కేసి చూసి, "ఏమ్మా, నన్ను అప్పుడే సాగనంపేశావా?" అన్నాడు. నవ్వుతూనే ముళ్లను వేలితో వెనక్కి నెట్టాడు.

ఆ గడియారాల ముళ్లను గంట దాటించి వెనక్కి తిప్పకూడదు. కొట్టేసిన గంటను అది మరిచిపోదు. నాలుగు కావడానికి అరగంట ఉందనుకున్నారు అందరూ. తీరా నాలుగయ్యాక అయిదు కొట్టింది, అప్పటినుంచీ ఎప్పుడూ ఒకటి ముందే.

సరిచేయడం తెలియక కాదు. లోపల పక్కనున్న సన్నని తీగను ఎత్తితే చాలు, తర్వాతి గంట కొడుతుంది. "ఉండనీ" అన్నాడు హోల్గర్. "ఆ ఎక్కువది నాది." నాలుగేళ్ల కిందట, ఈసారి నిజంగానే, ఆసుపత్రిలో పోయాడు. థోరా లోలకం జోలికి వెళ్లలేదు. చర్చిలో కూర్చున్నప్పుడు మాత్రం ఆమెకొక సందేహం వచ్చేది. ఇన్నేళ్లు తప్పు చెప్పిన గడియారం మీద దేవుడికి కోపమా? లేక లెక్కకు మించి ఇచ్చింది ఆయనేనా?

సరిగ్గా మూడవుతుండగా ప్రెబెన్ డామ్ వచ్చాడు. దీవి అవతలి రోన్నె పట్నంలో పాత సామాన్ల కొట్టు ఆయనది. మోయడానికి బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు. టోపీ తీసేలోగానే గడియారం కొట్టింది. ప్రెబెన్ లెక్కపెట్టాడు.

"నాలుగా! దీనికి మనకన్నా తొందరెక్కువలా ఉందే అమ్మగారూ. ఫర్వాలేదు, కొట్టుకెళ్లాక నేనే సరిచేస్తాను."

"ఆగండి" అంటూ థోరా లేచింది.

"ఎందుకమ్మా మీకు శ్రమ? పన్నెండు దాటి మళ్లీ మూడుకు రావాలంటే డెబ్భై నాలుగు దెబ్బలు కొట్టించాలి."

"నేను మీకు గడియారం అమ్మాను బాబూ. ఆ ఎక్కువ దెబ్బ అమ్మలేదు."

గడియారం పై తలుపు తెరిచి, చేపల వాసన పోని వేలితో తీగను ఎత్తింది. అయిదు. మళ్లీ ఎత్తింది. ఆరు, పడవలు కదిలే వేళ. ఏడు, పొగకొట్టంలో నిప్పు రాజేసే వేళ. కిటికీ అవతల మంచులో ఊరు లేదు, సముద్రం లేదు. రోజులు ఒకదాని వెనక ఒకటి గదిలోకి వచ్చి, ఆమె భుజం తాకి వెళ్తున్నట్టున్నాయి. పది, హోల్గర్ కాఫీకి వచ్చే వేళ. పన్నెండు కొడుతుంటే బావమరిది కూడా టోపీ తీశాడు. ఒకటి. రెండు. తీగ మీద వేలు కాసేపు ఆగింది. ఎత్తింది. మూడు.

గంటల ముల్లు చూపుతున్నదీ మూడే. ముప్పై అయిదేళ్లకు మొదటిసారి.

"ఇక తీసుకెళ్లండి" అన్నది.

లోలకాన్నీ సీసపు బరువులనూ విప్పి దుప్పటిలో చుట్టారు. పెట్టెను పడుకోబెట్టి, పసిపిల్లను మోసినట్టు మెల్లగా మోసుకుపోయారు. గడప దాటాక నాలుగడుగుల వరకు కనబడింది. తర్వాత మంచే.

థోరా కుర్చీలో కూర్చుండిపోయింది. దిగువన చర్చి నాలుగు కొట్టింది. ఆమె తల వంచి, అది కొట్టని అయిదోదాన్ని కూడా విని, అప్పుడు లేచింది.

సముద్రం వైపు వాలిన ఆ నేల మీద, గడియారం నిటారుగా నిలబడాలని హోల్గర్ చేపలపెట్టెలోంచి కోసి పెట్టిన చెక్కముక్క ఉన్నచోటే ఉంది. ఒక పక్క రెండు వేళ్ల మందం, ఇంకో పక్క కాగితమంత పలచన, మధ్యలో గడియారపు పాదం నొక్కిన నున్నటి గుంట.