మాట వినదు

"ఇంటి పని చేసుకోవడానికి ఈ మోత అడ్డమవుతోందా?" అని అడిగాను. ఆవిడ నోరు తెరిచేలోగా పక్కనున్న భర్త, "లేదు మేడమ్, అన్నీ వేళకి జరిగిపోతున్నాయి," అన్నాడు. సున్నా వేశాను.

చెవుల ఆస్పత్రిలో నా పని ఇదే. చెవిలో మోత అని వచ్చినవాళ్ళని పాతిక ప్రశ్నలడిగి, అవునంటే నాలుగు, అప్పుడప్పుడంటే రెండు, లేదంటే సున్నా వేసి కూడాలి. పద్దెనిమిది దాటితేనే డాక్టరమ్మ దగ్గరికి పంపాలి, లేకపోతే ధైర్యం చెప్పి ఇంటికి. మోత ఏ మిషనుకీ దొరకదు, మనిషి నోటితో చెప్పాల్సిందే. ఇక్కడ ఆ నోరు ఆయనదైపోయింది. నిద్ర? "పడుకోగానే గురక." చిరాకు? "అది పుట్టుకతో వచ్చింది లెండి." ఎదుటివాళ్ళ మాట వినడం కష్టంగా ఉంటోందా అన్నప్పుడు మాత్రం హుషారుగా ముందుకి జరిగాడు. "అవునవును, అది రాసుకోండి. అసలు మాట వినదు!"

నాకు నవ్వొచ్చింది. ఆవిడా నవ్వింది. అది చూశాక సిగ్గేసింది, మా ఇంట్లో నేను నవ్వేదీ ఆ నవ్వే. రెండేళ్ళుగా నా ఎడమ చెవిలో సన్నటి కూత, కుక్కరు విజిలేసే ముందు వచ్చేలాంటిది. చెబితే మా అత్తగారు, "పని చెప్పినప్పుడే నీకు చెవుడొస్తుంది," అన్నారు. మా ఆయన, "రోగుల దగ్గర అంటించుకున్నావేమో," అని జోకేశాడు. ఈ పొద్దున కూడా, "సాయంత్రం మా ఆఫీసువాళ్ళు భోజనానికొస్తున్నారు, మధ్యాహ్నమే సెలవు పెట్టి వచ్చెయ్," అని నా ఎడమ పక్కనుంచే చెప్పి వెళ్ళాడు. రోజూ పదిమందిని అడిగే ప్రశ్నలు నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు, ఆ కోపం నా మీదే.

"మీరు కాస్త బయట కూర్చోండి," అన్నాను ఆయనతో.

"నేను లేకపోతే దానికి చెప్పడం రాదండీ."

"రాకపోతే పిలుస్తాను."

తలుపు వేసి, ఆ కాగితం అడ్డంగా కొట్టేసి, కొత్తది తీశాను. మొదటి ప్రశ్న మళ్ళీ చదివాను. ఆవిడ తలుపు వైపు ఒకసారి చూసింది. "అవును," అంది గొంతు తగ్గించి. పదో ప్రశ్నకి గొంతు పెరిగింది. ఇరవయ్యో దానికి ఏడ్చింది.

అరవై రెండొచ్చాయి. ఆవిడని డాక్టరమ్మ గదిలోకి పంపి, ఇంకో ఖాళీ కాగితం తీసుకుని పైన నా పేరు రాస్తుంటే ఫోను మోగింది. అప్పటికది నాలుగోసారి.

"ఇంకా బయల్దేరలేదా?" అన్నాడు మా ఆయన. "పొద్దున చెప్పింది వినపడలేదా?"

"వినపడింది," అన్నాను. "వినడం లేదు."