నారాయణమ్మ చోడంబలి

"సేతులు గట్టిగా పట్టుకోవే కుసుమా! గింజుకుంటాది," అన్నాడు మేనేజరు ఉమాశంకర్.

ఆయా కుసుమకుమారి మంచం మీదకు వంగి నారాయణమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఎముకల మీద తోలు తప్ప ఏమీ లేని చేతులవి. ముసలామె ముక్కులోంచి కడుపులోకి తిండి గొట్టం దించడానికి నర్సు తొడుగులు వేసుకుంటోంది.

నరసన్నపేట శివార్లలోని ఆ వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో కుసుమ ఎందరికో బువ్వ తినిపించింది. నారాయణమ్మకు మాత్రం తినిపించలేకపోయింది. జన్మంతా వరిమళ్లలో నడుం వంచి, రాగిపిండితో కాచిన చోడంబలి తాగి, ఎండు నెత్తళ్ల చేపలు నంజుకుని బతికిన మనిషి. తుంటి విరిగి ఇక్కడికి వచ్చాక ఉప్మా, చప్పిడి పప్పు. మొదట అంబలి అడిగింది, తర్వాత బతిమాలింది. ఇప్పుడు నోరు బిగించేసింది.

"డాక్టరు బాబు ఏదైనా ఎట్టొచ్చన్నారు గదండి. కూసింత అంబలి, రెండు నెత్తళ్లు... నానే వండి తెస్తాను," అంది కుసుమ.

"ఇక్కడ నీసు అడుగెట్టకూడదు. పక్క మంచం బాలసరస్వతి గారు సంగీతం సెప్పిన పంతులమ్మ. ఆ వాసనకి ఆవిడ ఉంటారేటి? పట్టుకుంటావా, రేపట్నించి పని మానేస్తావా?"

గొట్టం ముక్కును తాకింది. నారాయణమ్మ అరవలేదు. కూతురి ఈడు ఆయా వేళ్లు పట్టుకుని, "అమ్మా, నాను తింటానే... నా కూడు నాకెట్టండే," అంది.

కుసుమ చేతులు వదిలేసింది.

"నానొల్లను బాబూ. తింటానంటన్న మనిషికి గొట్టమేటి?"

నర్సు చెయ్యి ఆగిపోయింది. పక్క మంచం దిగి, ఊతకర్ర మీద ఆనుకుని నిలబడింది బాలసరస్వతి.

"నీసు వాసన నాకు పడదు ఉమాశంకర్ గారూ, నిజమే. అయితే నా మంచం కిటికీ దగ్గరికి జరిపించండి. నన్నడక్కుండా, నా పేరు చెప్పి ఈవిడ నోరు కట్టేస్తారా?"

ఉమాశంకర్ మొహం కందగడ్డలా ఎర్రబడింది. "ఈ హోమ్ నడిపే ట్రస్టు పెద్దలతోనే సెప్పుకుందురు గాని," అంటూ ఫోను తీశాడు.

కుసుమ ఇంటి దగ్గర ఈ జీతం మీదే పొయ్యి వెలుగుతుంది. అయినా చోడిపిండి కోసం గేటు వైపు నడిచింది.

"గేటు దాటితే మరి రాకు!" అని అరిచాడు ఉమాశంకర్.

ఆమె వెనక్కి తిరగలేదు. లోపల నర్సు గొట్టాన్ని ట్రేలో పడేసి, బాలసరస్వతి మంచానికి భుజం ఆనించింది. ఇనప కాళ్లు గచ్చు మీద గీరుకుంటున్న చప్పుడు రోడ్డు దాకా వినిపించింది.