నలభై రెండా, నలభై ఎనిమిదా

మా ఇంట్లో ఉన్నది ఒకే బండి, దానికి యజమానులం ఇద్దరం. పొద్దున నా భార్య పుష్పావతి దాని మీద ఊళ్ళు తిరిగి గొర్రెలకు టీకాలు వేస్తుంది. మధ్యాహ్నం నుంచి నేను దాని వెనక గుంటక కట్టి వేరుశెనగ సాళ్ళ మధ్య కలుపు తోలతాను. ఎద్దుల్ని రెండేళ్ళ కిందట మేత దొరకని ఎండాకాలంలో అమ్మేశాం. మా చిలమత్తూరు పక్క ఇప్పుడు చాలా చేలల్లో ఎద్దుల పని బైకులే చేస్తున్నాయి.

తంటా అంతా స్ప్రాకెట్ దగ్గర. వెనక చక్రానికి చైన్ తగులుకునే పళ్ళ బిళ్ళ అది. మామూలుగా వచ్చేదానికి నలభై రెండు పళ్ళు. దాంతో బండి రోడ్డు మీద హాయిగా పోతుంది గానీ, గుంటక కడితే తడి నేలలో నాలుగడుగులు వేసి ఆగిపోతుంది. నలభై ఎనిమిది పళ్ళది బిగిస్తే ఎద్దులాగా లాగుతుంది. అయితే రోడ్డెక్కితే అరుపే తప్ప పరుగు ఉండదు.

ఈసారి మూడేళ్ళకు అదనులో వాన పడింది. నాలుగెకరాలూ మొలిచింది. కలుపు అంతకంటే బాగా మొలిచింది. పుష్పావతిని అడిగితే ఒప్పుకోదని తెలుసు కాబట్టి అడగలేదు. ఆదివారం చిలమత్తూరులో రామాంజులు షాపుకు పోయి నలభై ఎనిమిది పళ్ళది వేయించాను. బిళ్ళ పెద్దదైతే చైన్ పొడవు చాలదు, నాలుగు లింకులు ఎక్కువ కావాలి. ఉన్న చైన్ వేసి రెండు నెలలే అయింది, పారేయడానికి మనసు రాలేదు. అందుకని ఇంట్లో మేకుకు తగిలించిన అరిగిన చైన్ నుంచి నాలుగు లింకులు ముందే తెంపి తీసుకుపోయాను.

"కొత్తదానికి పాత లింకులు అతికించొద్దన్నా. రెండూ ఒకే మాదిరి సాగవు" అన్నాడు రామాంజులు.

"నువ్వు బిగించప్పా, నీ యాపారం కోసం నన్ను బెదిరించాకు" అన్నాను. నా తెలివి మీద నాకు అంత నమ్మకం.

ఆ సాయంత్రమే ఒక ఎకరా తోలేశాను. సోమవారం పొద్దున పుష్పావతి బండి తీసి, వీధి చివరి దాకా పోయి వెనక్కి వచ్చింది.

"ఏమయ్యా, బండి ఇట్ల ఏడుస్తాండాదే?"

"వానకు తడిసింది కదా, అట్లే ఉంటాది. పో."

నమ్మి పోయింది. ఏడు కిలోమీటర్ల అవతల గుట్ట కింద బసప్ప మందకు ఆ పొద్దు టీకాలు. ఎనభై గొర్రెలు. పన్నెండుకల్లా వస్తానంది. నేను గుంటక భుజాన వేసుకుని చేలో నిలబడ్డాను. ఒంటిగంటయింది. రెండయింది. ఫోన్ ఎత్తదు. మాటల్లో పడితే ఈమెకు ఇల్లూ వాకిలీ గుర్తుండవని చేను చుట్టూ తిరుగుతూ తిట్టుకున్నాను. చివరికి ఎదురు పోదామని రోడ్డు పట్టాను.

ఊరికి రెండు కిలోమీటర్లలో, వేపచెట్టు కింద బండి పడి ఉంది. చైన్ తెగి వెనక చక్రంలో సగం చుట్టుకుపోయింది. తెగింది సరిగ్గా నేను అతికించిన చోటే. తారు మీద గీరుకుపోయిన చార, పక్కన ఆమె చేతి గాజుల ముక్కలు నాలుగు. మనిషి లేదు. టీకా మందు పెట్టుకునే ఐసు డబ్బా కూడా లేదు. నేనే చంపుకున్నానేమో అనుకున్నాను.

బసప్పకు ఫోన్ చేశాను.

"నీ పెండ్లామా? ఈడే ఉండాదప్పా" అన్నాడు ఆ ముసలాయన తాపీగా. "మోకాలు కొట్టుకపోయింది. డబ్బా నెత్తిన పెట్టుకోని ఎండలో నడిచొచ్చింది. అరవైటికి పొడిచేసింది, ఇంకా ఇరవై ఉండాయి. పని కానీ, ఊరికే ఫోన్ చెయ్యాకు."

బండి పడిన చోటు నుంచి మా ఇల్లు రెండు కిలోమీటర్లు. బసప్ప మంద ఐదు. ఐసు కరిగిపోతే ఆ మందు పనికిరాదు. నిరుడు పారుడు రోగమొచ్చి బసప్పకు ముప్పై గొర్రెపిల్లలు చచ్చాయి. ఆమె మంద వైపే నడిచింది. ఈమె చేసేది ఏదో తిరుగుడు పని అని రెండేళ్ళుగా నలుగురిలో నవ్వుతూ చెప్పుకున్నవాణ్ణి నేనే.

మరుసటి రోజు బండిని ఆటోలో వేసుకుని ఇద్దరం రామాంజులు దగ్గరికి పోయాం. వాడు చక్రం విప్పి బిళ్ళ చేతిలో తిప్పి చూశాడు. ఐదు పళ్ళు విరిగిపోయాయి. ముందు స్ప్రాకెట్ పళ్ళు కూడా కొక్కేల్లా వంగిపోయాయి.

"మూడూ మార్చాల్సిందేన్నా. ముందుది, వెనకది, చైన్. ఒకటి పాతది పెడితే మిగతా రెండిటినీ అది తినేస్తాది. ఇంగో మాట. అక్క కొంచెం జోరుగా పోయింటే ఈ పొద్దు ఈడ నిలబడుండేది కాదు." తర్వాత అడిగాడు. "ఏది వెయ్యమంటావు? నలభై రెండా, నలభై ఎనిమిదా?"

"మధ్యలో నలభై ఐదు ఉండాదా?"

"ఉండాది. రోడ్డుకూ చాలదు, చేనుకూ చాలదు. ఇద్దరూ కలిసి నన్ను తిడతారు."

పుష్పావతి మోకాలికి కట్టుతో బల్ల మీద కూర్చుంది.

"పెద్దదే వెయ్యన్నా" అంది. "నాకు నడక అలవాటైంది. వానకు తడిసి ఏడుస్తాండాదని చెప్పినాడు. నమ్మి ఎక్కితిని."

రామాంజులు తల వంచుకుని బోల్టులు తుడవసాగాడు. ఆమె అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. అరవలేదు. పెద్దది వేస్తే దూరం ఊళ్ళకు పోలేదు, పోకపోతే ఆ పని ఇంకొకరికి ఇస్తారు. చిన్నది వేస్తే మూడెకరాల్లో కలుపు నిలబడుతుంది, పది రోజులు ఆలస్యమైతే పైరును మింగేస్తుంది. రెండూ నాకు తెలుసు. ఒక్కసారిగా కోపం వచ్చింది. ఎవరి మీదో అప్పుడు తెలియలేదు గానీ, నా మీదే.

"నలభై రెండు వెయ్ రామాంజులూ. చైన్ కొత్తది, నిండుగా."

"చేను?" అంది పుష్పావతి.

"చేతులు లేవా నాకు?"

గొప్పగానే అన్నాను. మరునాడు కలుపు తవ్వే తొలిక పట్టుకుని సాలు వెంట కూర్చుంటే తెలిసింది, చేతులుంటే చాలదు, నడుము కూడా ఉండాలి. అందరి చేలల్లో ఒకేసారి కలుపు పని, కూలికి మనిషి దొరకలేదు. పొద్దున ఆమె బండి సద్దు రోడ్డెక్కి దూరమయ్యేది. సాయంత్రం వచ్చి, వంగని మోకాలిని పక్కకు చాపుకుని నా పక్క సాలులో తవ్వేది. తొమ్మిది రోజుల్లో రెండెకరాలు దక్కించుకున్నాం. ముందు బండితో తోలిన ఎకరా ఎలాగూ బాగుంది. నాలుగో ఎకరాలో గడ్డి మోకాలి దాకా వచ్చి, శెనగ మొక్క వెతికితే గానీ కనిపించకుండా పోయింది.

"బసప్ప మామను మంద తోలుకరమ్మని చెప్తా" అంది పుష్పావతి. "గొర్రెలన్నా తింటాయి."

వాన లేక ఎండిన చేను గొర్రెలకు వదలడం మా దిక్కున కొత్త కాదు. వాన పడి, మొలిచి, వదలడం నాకు అదే మొదటిసారి. ఎనభై గొర్రెలూ దిగి గడ్డితో పాటు నా మొక్కల్నీ కొరికాయి. అటు చూడలేక గట్టు మీద వీపు తిప్పి కూర్చున్నాను.

పుష్పావతి మాత్రం మంద మధ్యలో కుంటుతూ తిరిగింది. ఒక్కోదాన్ని పట్టి మూతి ఎత్తి, ముక్కూ కళ్ళూ చూసి వదిలింది. చాలాసేపటికి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఈసారి ఒక్కటి కూడా పోలేదు" అంది.

నేను కళ్ళు తుడుచుకుని, అప్పుడు మంద వైపు తిరిగాను.