వేసవి ఉత్తరంలో చివరి పేరా

ఈ ఉత్తరాన్ని చివరిదాకా చదివేవాళ్లు ఒక్కరైనా ఉంటారా అన్న అనుమానం ఆమెకు ఇరవై ఏళ్లుగా ఉంది. వేసవి సెలవులకు ముందు గోల్ఫ్ క్లబ్బు సభ్యులు మూడు వందల పన్నెండు మందికీ ఏటా ఒక ఉత్తరం వెళుతుంది. పైన శుభాకాంక్షలు, కింద క్లబ్బు విశేషాలు. రాసేది గుమాస్తాగా ఆమె. సంతకం సెక్రటరీగారిది.

ఆ ఉదయం కూడా ఆఫీసు తాళం తీసి, కిటికీ తెరిచి, అరనిమిషం కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. యాభై ఆరేళ్ల మనిషి. కళ్లజోడు ముక్కు చివరికి జారినప్పుడల్లా మణికట్టుతో పైకి తోసుకుంటుంది. పోయినేటి ఉత్తరం తెరిచి, తేదీలు మార్చి, పాత సంగతులు తీసేసి, కొత్తవి చేర్చడం ఆమె పద్ధతి. “మీకూ మీ కుటుంబ సభ్యులకూ వేసవి సెలవుల శుభాకాంక్షలు” అన్న మొదటి వాక్యం ఆమె చేరినప్పటి నుంచీ మారలేదు. ఎండల వల్ల ఆట ఉదయం ఐదున్నరకే మొదలు. క్యాంటీను మూడింటికి మూత. సామాను తోసుకెళ్లే బళ్లకు కొత్త చక్రాలు. మరిచిపోయిన గొడుగులు పదకొండు ఆఫీసులో ఉన్నాయి, ఎవరివి వారు తీసుకుపోగలరు.

ఈ పద్ధతి వల్లే పందొమ్మిదేళ్ల కిందట తప్పు జరిగింది.

అప్పుడామె చేరి ఏడాది. బంతి వేసే తొమ్మిదో గుంట చుట్టూ కొత్త గడ్డి వేశామని, రెండు నెలలు ఎవరూ తొక్కకూడదని గడ్డి మేస్త్రి చీటీ రాసి తెచ్చిచ్చాడు. ఆమె దాన్ని బల్ల మీద పెట్టుకుంది. పోయినేటి ఉత్తరంలోని “తొమ్మిది గుంటలూ ఎప్పటిలాగే తెరిచి ఉంటాయి” అన్న వాక్యం మాత్రం తీసేయడం మరిచిపోయింది. ఆ ఒక్క ఏడాది ఉత్తరాన్ని అందరూ చదివినట్టున్నారు. మేస్త్రి తాడు కట్టి ఆపినా, జేబులోంచి ఉత్తరం తీసి చూపించి మరీ దాటారు. పది రోజుల్లో గడ్డి ఎండిపోయి నేల బయటపడింది.

కమిటీ పిలిచి అడిగింది. అప్పటికి ఆమె భర్తకు ఉద్యోగం పోయి నాలుగు నెలలు, ఇద్దరు పిల్లలు బడిలో ఉన్నారు. నోరు తెరవబోయేలోపే పక్కన నిలబడ్డ మేస్త్రి, “చీటీ ఇవ్వడం నేనే మర్చిపోయానండీ” అన్నాడు. ఆమె తల వంచుకుంది. మేస్త్రి పని వేరేవాళ్లకు వెళ్లింది. అతను గడ్డి కోసే మిషను నడిపే మనిషిగా మిగిలిపోయాడు. అయినా అందరూ మేస్త్రి అనే పిలిచారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆమె ముఖం పక్కకు తిప్పుకునేది.

మొదట్లో భయం. తర్వాత ఆలస్యమైపోయిందన్న సిగ్గు. దేవుడికి మాత్రం రోజూ చెప్పుకునేది. ఆయన క్షమించే ఉంటాడని అనిపించేది కూడా. కానీ నష్టపోయినది ఒకరైతే క్షమాపణ ఇంకొకరిని అడగడం ఏం న్యాయమో ఆమెకు బోధపడేది కాదు. ప్రతి వేసవిలోనూ తప్పు తనదేనని ఒప్పుకునే నాలుగు వాక్యాలు ఉత్తరం చివర టైపు చేసేది. చదువుకునేది. తీసేసేది.

ఈ రోజు మేస్త్రి పని మానేస్తున్నాడు. నాలుగింటికి బస్సు. ఊళ్లు దాటి కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు, మళ్లీ రాడు.

ఆమె చివరి పేరా టైపు చేసింది. ఈసారి తీయలేదు.

సెక్రటరీగారు పదకొండింటికి వచ్చాడు. సెలవులకు బయల్దేరిన కుటుంబమంతా బయట కారులో కూర్చుని ఉంది.

“ఏదమ్మా, మన పవిత్ర గ్రంథం?” అంటూ పెన్ను తీశాడు.

“చివరి పేరా ఒకసారి చూడండి సార్.”

“గొడుగుల సంగతేగా? ఏటా ఉండేదేగా!” బయట హారన్ మోగింది. “వస్తున్నా, వస్తున్నా! మా ఆవిడకి నా సంతకం కంటే హారనే ఇష్టం.” గీకేసి వెళ్లిపోయాడు.

అడగడం ఒకసారి అడిగింది. రెండోసారి అడగాల్సిందా అని ఆలోచిస్తూనే జిరాక్సు మిషను ఆన్ చేసింది. సెలవుల తర్వాత ఆయన గదిలోకి పిలుపు వస్తుంది, అది ఖాయం. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. కాగితాలు ఒక్కొక్కటే వెచ్చగా బయటికి వచ్చాయి. మూడింటికి తపాలా మనిషి కవర్ల సంచీ భుజాన వేసుకుపోయాక, మిగిలిన ఒక కాగితం పట్టుకుని మిషన్ల షెడ్డు వైపు నడిచింది.

మేస్త్రి పెట్టె మీద కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. మెడ వెనక చర్మం ఎండకు నల్లబడి, గళ్లుగళ్లుగా చీలినట్టుంది. పెట్రోలు, పచ్చి గడ్డి కలిసిన వాసన ఆ గదికీ అతనికీ ఒకటే.

“రా అమ్మాయ్. నన్ను సాగనంపడానికొచ్చావా, నిజంగా పోతున్నానో లేదో చూసుకోడానికొచ్చావా?”

“ఇది చదువు బాబాయ్. చివరి పేరా.”

అతను కాగితం దూరంగా పట్టుకుని పెదవులు కదుపుతూ చదివాడు. పందొమ్మిదేళ్ల కిందట తొమ్మిదో గుంట గడ్డి పాడైపోవడానికి కారణం ఆఫీసు గుమాస్తా పొరపాటు. మేస్త్రి చీటీ సమయానికే అందింది. తప్పు ఆయనది కాదు. ఈ మాట ఇన్నేళ్లు ఆలస్యంగా చెబుతున్నందుకు గుమాస్తా క్షమాపణ కోరుతున్నది.

“అందరికీ పోయిందా ఇది?”

“పోయింది. మూడు వందల పన్నెండు.”

“పిచ్చిదానా! నీ ఉద్యోగం?”

“చూద్దాంలే. ఎవరూ చదవరు కూడా.”

అతను నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. “మీ పిన్నికి కూడా నిజం చెప్పలేదే అప్పుడు. చెబితే క్లబ్బు గేటు దగ్గరికొచ్చి గొడవ పెట్టుకునేది. ‘ఒక్క చీటీ ఇవ్వడం చేతకాలేదా నీకు’ అని దెప్పేది, బతికున్నన్నాళ్లూ. అలా అనుకునే పోయింది.”

ఆమెకు ఆ సంగతి తెలియదు. “నన్నెందుకు కాశావు బాబాయ్?”

“ఏమో. ఆ రోజు నీ చేతులు వణుకుతున్నాయి. నావి వణకట్లేదు.” కాగితం నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో వేసుకున్నాడు. “ఫొటో ముందు చదివి వినిపిస్తా. ఈసారి దెప్పమను చూద్దాం.”

పెట్టె మీంచి లేచి, “ఇంక మన మధ్య బాకీ ఏం లేదు, సరేనా?” అన్నాడు.

ఆమె తల ఊపింది. ఆటో వచ్చింది. పెట్టె ఎక్కించి, తనూ ఎక్కి, గేటు మలుపు దాకా వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఆమె ఆఫీసుకు తిరిగి వెళ్లలేదు. ఖాళీ మైదానం మీదుగా తొమ్మిదో గుంట దాకా నడిచి, చెప్పులు విడిచి, గడ్డి మీద అడుగు పెట్టింది. రోజూ ఒకేచోట తొక్కితే గడ్డి చస్తుందని తెల్లవారేసరికి గుంటను కొత్త చోటికి మార్చడం కూడా, గడ్డి కోతతో పాటు, అతని పనే. కొత్త చోట గుండ్రంగా కోసి తీసిన మట్టిపెళ్లను నిన్నటి గుంటలో పెట్టి, అరచేత్తో అదిమి, నీళ్లు చల్లుతాడు. రెండు రోజుల్లో అతుకు కనపడదు. ఈ ఉదయం అతను పెట్టిన ముక్క ఇంకా అతుక్కోలేదు. దీపాల వేళ దాకా ఆమె అక్కడే నిలబడింది. కాళ్ల దగ్గర, చుట్టూ సన్నటి మట్టి గీతతో, అరచేయంత గుండ్రటి పచ్చిక ముక్క.