ముగ్గు వేయని చోటు

 మెదక్‌లో బస్సు దిగి ఫంక్షన్ హాలు దాకా నడిచేలోపు కిష్టవ్వ రెండుసార్లు ఆగి సీసాలో నీళ్లు తాగింది. తమ ఊరి వన సంరక్షణ సమితికి ఆమె అధ్యక్షురాలు. అడవిని ఊరివాళ్లు నిజంగా కాపాడుతున్నారా, సమితి పేరిట నడిచే ప్రాజెక్టుతో ఊరు ఏమైనా బాగుపడిందా అని తేల్చడానికి హైదరాబాద్ నుంచి కృతిక మేడమ్ వచ్చింది. మొదటి రోజు సమితి ఆడవాళ్లంతా మెదక్‌కే రావాలని కబురు. దుర్గమ్మకు జ్వరమో గిరమో వచ్చి ఇంట్లో ఉండిపోతే బాగుండునని కిష్టవ్వ మొక్కని దేవుడు లేడు. దుర్గమ్మ నిక్షేపంగా వచ్చింది, అందరికంటే ముందు వరసలో కూర్చుంది.

కిష్టవ్వ భయమంతా ఒక్క అర ఎకరం గురించి. రెండేళ్ల కింద దుర్గమ్మ మొగుడు పాము కరిచి పోయాడు. ఉన్న కాస్త చెలక భూమినీ పాలివాళ్లు కలుపుకున్నారు. చేతిలో నాలుగేళ్ల ఆడపిల్ల. అప్పుడు అడవి లోపల ఇప్పచెట్ల నడుమ ఉన్న ఖాళీ జాగాలో కంది వేసుకొమ్మని చెప్పింది కిష్టవ్వే. దుర్గమ్మ ఒక్క చెట్టు కొమ్మ కూడా విరవలేదు. అయినా సమితి అడవిలో సేద్యం సేద్యమే. బయటపడితే కేసు పెడతారు, చేను లాక్కుంటారు, సమితిని రద్దు చేస్తారు. అందుకే ఊరు ఊరంతా నోరు కట్టేసుకుంది. ఇప్పుడు ఆ చేను కాయ పట్టి ఉంది, ఇంకో నెలలో కోత. తల్లీకూతుళ్లకు ఏడాది గడిచేది దానితోనే.

కిష్టవ్వ వారం రోజులు అందరికీ జవాబులు వల్లె వేయించింది. ఏమడిగినా సరే, ముందు "అడవి మా తల్లి" అనాలి, ఆ తర్వాత నవ్వాలి. పెంటమ్మ అయితే నిద్రలో కూడా అదే అంటోందట.

తీరా చూస్తే మేడమ్ ప్రశ్నలే అడగలేదు. రెండు సంచుల ముగ్గుపిండి తెప్పించి హాలు నడుమ పెట్టించింది.

"మీ అడవిని ఈ బండల మీద గీసి చూపించండి. మీరు రోజూ ఎక్కడెక్కడికి పోతారో అన్నీ వేయండి" అంది.

 కిష్టవ్వ అందరి నోటికైతే నేర్పింది కానీ చేతులకు ఏం నేర్పింది? ముగ్గు చేతికొస్తే ఆడవాళ్లకు ఒళ్లు తెలియదు. వాగు వేశారు, తునికాకు తెంపే గుట్ట వేశారు, సీతాఫలం చెట్లు, మేకల దారి, అన్నీ వేశారు. పోటీపడి వేశారు. పెంటమ్మ ఇప్పచెట్ల వైపు దారి లాగబోతుంటే కిష్టవ్వ ఆమె తొడ మీద గిచ్చింది. పెంటమ్మ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. బొమ్మ పూర్తయ్యేసరికి చుట్టూ అంతా తెల్లగా ఉంది, నడుమ చాటంత నల్లబండ మిగిలిపోయింది.

మేడమ్ బొమ్మ చుట్టూ తిరిగింది. తిరిగి తిరిగి సరిగ్గా అక్కడే కూర్చుంది.

"దారులన్నీ ఇక్కడి దాకా వచ్చి ఆగిపోయాయి. ఇక్కడేముందమ్మా?"

 వెనక కుర్చీలో ఉన్న అటవీశాఖ బీట్ ఆఫీసర్ పరమేశ్ మెడ సాచి చూశాడు. ఈ మధ్యే బదిలీ మీద వచ్చినవాడు, ఏమీ తెలియదు.  కిష్టవ్వ నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఆడ నల్లపోచమ్మ తల్లి ఉన్నది మేడమ్. నేల మీద గీస్తే తొక్కినట్లయితదని ఇడిసిపెట్టినం."

మేడమ్ మొహం వెలిగిపోయింది. "ఎన్నాళ్ల నుంచి?"

"మా అవ్వల కాలం సంది."

"లోపలికి ఎవరూ పోరా?"

"పోరు మేడమ్. పుల్ల గూడ ఏరుకోరు."

ఒక అబద్ధం ఆడాక రెండోది ఎంత తేలికగా వస్తుందో అనుకుంటే కిష్టవ్వకు తన నోరంటేనే భయమేసింది. మేడమ్ మాత్రం గబగబా రాసుకుంది, ఫోటోలు తీసుకుంది.

"నా రిపోర్టులో మొట్టమొదట దీని గురించే రాస్తాను. పరమేశ్ గారూ, చుట్టూ కంచె వేయించాలి. ఇక మీద కూడా ఎవరూ అడుగు పెట్టకూడదు. రేపు పొద్దున వచ్చి నేనే స్వయంగా చూస్తాను."

"తప్పకుండ మేడమ్" అన్నాడు పరమేశ్, ఎక్కడో ఏమిటో తెలియకుండానే.

 చేనును దాచబోయి కిష్టవ్వ చేనుకే కంచె కట్టించింది. చెప్పేయాలి. ఏమైతే అదవుతుంది, ఇప్పుడే చెప్పేయాలి. "మేడమ్..." అంది.  ఇంతలో దుర్గమ్మ లేచి నిలబడింది.

"మా అధ్యక్షురాలు చెప్పింది నిజమే మేడమ్. ఆడికి ఎవ్వరం పోము" అంది, కొంగు భుజాల చుట్టూ కప్పుకుంటూ. "గని పదింటికి ముందు రాకుండ్రి. జాగ ఊడ్వాలె, శుద్ధి చెయ్యాలె."

మేడమ్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

మధ్యాహ్నం బస్టాండులో నర్సాపూర్ బస్సు కోసం నిలబడ్డారు. మిగతావాళ్లు గండం గడిచిందని మిర్చి బజ్జీలు కొనుక్కోవడానికి పోయారు. కిష్టవ్వ దుర్గమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడే తిరిగిపోయి నిజం చెప్త దుర్గీ. ఏమన్న గానీ."

"చెప్తే నీ మీద కేసైతది. సమితి పోతది. చేను ఎట్లయినా పోయేదే గదక్కా."

"కాయ ఇంక ముదరనే లేదు గదనే."

"కోసి బర్లకేస్త."

"మరి వచ్చే ఏడు?"

 బస్సు మలుపు తిరిగి లోపలికి వస్తోంది. దుర్గమ్మ పిల్లకని కొన్న బిస్కెట్ పొట్లాన్ని సంచిలో సర్దుకుని ముందుకు నడిచింది. మెట్టెక్కబోతూ వెనక్కి తిరిగి, మామూలుగా, ఏదో ఇంటిపని గుర్తు చేసినట్టు చెప్పింది.

"రాత్రికి నువ్వు గూడ రా అక్కా. ఒక్కదాన్ని కొయ్యలేను. కొడవలి ఒక్కటే సాలది, గడ్డపార గూడ తే. దేవత జాగల కంది మోళ్లు కనబడొద్దు గద."